చిన్న పేలుడు, నిండు చెరువు

మా ముత్తాత టెక్కలి చుట్టుపక్కల చెరువులకు పెత్తందారు. ఆయన చెప్పందే ఎవరూ తూము ఎత్తేవారు కాదు. మొదటి తడి మా పొలానికే. అందుకే మా వంశంలో ఇల్లు నీటి పక్కన, పల్లంలోనే కట్టేవారు. మిట్ట మీద పాలేళ్లు ఉండేవారు. భూములు కరిగిపోయినా ఈ పట్టింపు పోలేదు.

నేనూ తమ్ముడూ జావా దీవిలో ఒక కాఫీ తోటకు గుమాస్తాలుగా వెళ్లాం. తోటకు పైన అగ్నిపర్వతం, దాని నోట్లో చెరువు. ఆ కొండను కనిపెట్టి చూసే డచ్చి దొర దగ్గర కొన్నాళ్లు రాతపని చేశాను. ఆయన పేలుళ్లను మూడు తరగతులు చేశాడు. నీళ్లు ఎగసి మళ్లీ చెరువులోనే పడితే మొదటిది. అప్పుడు ప్రమాదం చెరువు అంచున నిలబడ్డవాళ్లకే. బురద, రాళ్లు వాలు మీద పడితే రెండోది. చెరువే పొర్లి, మరిగే బురదై ఏటి దారుల్లో దిగితే మూడోది. అప్పుడు దగ్గర్లో మిట్ట మీద ఉన్నవాళ్లు బతకవచ్చు, ఎంతో దూరాన పల్లంలో ఉన్నవాళ్లు పోతారు. పేలుడు చిన్నదైనా చెరువు నిండి ఉంటే భయపడాల్సిందే అనేవాడు.

నాన్న పోయాక నేను తిరిగి వచ్చేశాను. తమ్ముడు భార్యతో, బిడ్డతో అక్కడే ఉండిపోయాడు. తోటవాళ్లు మిట్ట మీద ఇల్లిస్తామంటే, కూలీల వరసలో ఉండనని ఏటి ఒడ్డున కట్టుకున్నాడు. ఆ కబురు విని ఇంట్లో అందరం గర్వపడ్డాం.

ఇక్కడ కోతలు ముగిసే రోజుల్లో మా మేనమామ పలాస స్టేషన్ నుంచి పత్రిక పట్టుకొని అమ్మ దగ్గరికి వచ్చాడు.

"అప్పా, బయం లేదే. ఆ కొండ పేలిందట గానీ సిన్నదేనట. బూడిద కూడా పెద్దగా పడనేదట."

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పరా. ఆ కొండతో కాపరం సేసినోడివి."

"చెరువు నిండి ఉందో లేదో రాశారా మావా?"

"అగ్గికొండకి సెరువు గొడవేటిరా? తూములెత్తిన బుద్ది నీకింకా పోనేదు!"

నేను నవ్వలేదు. అక్కడ అది వానల కాలం. అమ్మకు మూడో తరగతి సంగతి చెప్పాను.

"ఆడిల్లు పల్లంలోనే," అంది అమ్మ. "మనోళ్లు ఇంకెక్కడ కడతారు?"

తర్వాత తోట నుంచి తంతి వచ్చింది. తమ్ముడు ఇంటితో సహా కొట్టుకుపోయాడు. మిట్ట మీద కూలీల ఇంటికి పేరంటానికి వెళ్లిన మరదలు, ఆమె చంకలోని బిడ్డ బతికారు.

వాళ్లను తీసుకురావడానికి నేను ఓడ ఎక్కాలి. బంధువులు ఓడ ఖర్చులకు సాయం చేస్తామన్నారు. ఒకరి చెయ్యి చూడొద్దంది అమ్మ. మూలపేట దగ్గర మిగిలిన కొబ్బరితోటను ఆ వారంలోనే అమ్మేశాం.