సాక్ష్యం చెప్పాక మానేసిన మాత్రలు

మూడేళ్ల కిందట, మిరపకోతల సీజన్. అప్పుడు నేను ప్రత్తిపాడు దగ్గర ఒక ఊళ్లో, ప్రైమరీ హెల్త్ సెంటర్లో స్టాఫ్ నర్సుని. కాపురం ఆ ఊళ్లోనే, ఆదివారం ఆరాధనకి వెళ్లేదీ అక్కడి చర్చికే. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో తప్పు నాది కూడా.

సువార్తమ్మ మిరపకోతల కూలీ. అంతకు ముందు ఏడాది కూలీల ఆటో తిరగబడి, పక్కనే కూర్చున్న తోటికోడలు ఆమె కళ్లముందే పోయింది. ఈమెకి గీత కూడా పడలేదు. కానీ ఆ తర్వాత ఆటోలో కాలు పెడితే చాలు, గుండె దడ, చేతులు కొంకర్లు, ఊపిరాడదు. ఈసీజీ తీస్తే, అంటే గుండె కొట్టుకునే తీరు కాగితం మీద చూస్తే, అంతా మామూలుగానే ఉంది. డాక్టరుగారు దీన్ని పానిక్ ఎటాక్ అన్నారు. ఎదురుగా ప్రమాదం లేకపోయినా, ఉందనే అనుకుని ఒళ్లు బెదిరిపోవడం. రోజుకో మాత్ర రాశారు. దడ వచ్చినప్పుడు నెమ్మదిగా ఊపిరి వదలడం నేను నేర్పాను. రెండు నెలలకి ఆటో ఎక్కి పనికి వెళ్లింది. ఇద్దరు ఆడపిల్లల్ని ఒంటిచేత్తో సాకుతున్న మనిషి, పనికి పోకపోతే పొయ్యి వెలగదు.

ఆ ఆదివారం మందిరంలో లేచి, ప్రభువు తన భయం తీసేశాడని సాక్ష్యం చెప్పింది. పాస్టరుగారు అక్కడితో ఊరుకుంటేగా!

"ఇంకా మాత్రలెందుకమ్మా? విశ్వాసం ఉన్నోళ్లకి భయమేంటి? తెచ్చి ఇక్కడ పెట్టెయ్!" అన్నారు.

ఆమె సంచీలోంచి మాత్రల షీటు తీసి బల్ల మీద పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సిగ్గు లేకపోతే సరి! ఆ మాత్ర ఉన్నపళంగా మానకూడదని తెలిసినదాన్ని. అందరి ముందూ అయ్యగారికి ఎదురు చెప్పడమేమిటని నోరు మూసుకున్నాను. తర్వాత ఇంటికి వెళ్లి చెబుదాంలే అనుకున్నాను, వెళ్లలేదు.

మూడు వారాలకి ఆమెని మోసుకొచ్చారు. పల్స్ నూట నలభై. నిద్ర లేదు, నాలుగు రోజులుగా అన్నం లేదు.

"మాత్ర మళ్లీ మొదలుపెట్టొచ్చుగా సువార్తమ్మా?"

"ఎట్టా ఏసుకుంటానండీ? అందరి ముందూ సాక్ష్యం చెప్పేశాగా. ఇప్పుడేసుకుంటే దేవుడు అబద్ధమాడినట్టు కాదూ?"

"అన్నం ఎందుకు మానేశావు?"

"అయ్యగారు ఉపవాసముండమన్నారు. భయం మళ్లీ వచ్చిందంటే నాలో విశ్వాసం లేదంట సిస్టరుగారూ. పిల్లల్ని చూస్తే ఏడుపొస్తంది."

నాకు ఒళ్లు మండిపోయింది. సెలైన్ పెట్టి, డాక్టరుగారితో మాత్ర మళ్లీ రాయించాను. సాయంత్రం ప్రార్థన చేయడానికి పాస్టరుగారు వస్తే తలుపు దగ్గరే ఆపాను.

"అయ్యగారండీ, మీరు షుగరు మాత్ర మానేశారా?"

"అది ఒంటి జబ్బమ్మా. ఇది మనసుది."

"మనసు ఒంట్లో కాక ఎక్కడుందండీ? సిలువ వెయ్యబోయే ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువుకే వేదనతో చెమటలు కారాయి. ఆయనకీ విశ్వాసం లేదందామా?"

ఆయన తల దించుకున్నారని రాయాలని ఉంది, కానీ దించుకోలేదు. "ఇట్టాంటివి మందిరంలో మాట్లాడబాకండి" అనేసి వెళ్లిపోయారు.

నేను మాట్లాడాను. తలుపు దగ్గరి మాటలు విని సువార్తమ్మ ఆ రాత్రే మాత్ర వేసుకుంది. ఆమె కోలుకున్నాక వచ్చిన ఆదివారం, సాక్ష్యాల సమయంలో లేచాను. "ఈమె మాత్రలు వదిలేసిన రోజు, నర్సునై ఉండి నేను చప్పట్లు కొట్టాను. క్షమించమని ఈమెనే అడుగుతున్నా" అన్నాను.

నా వెనకనుంచి సువార్తమ్మ లేచింది. "నాకు భయం పోలా. మాత్ర ఏసుకుంటన్నా. ప్రభువా, ప్రభువా అనుకుంటా ఆటో ఎక్కుతన్నా. ఇదండీ నా సాక్ష్యం."

ఈసారి ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మనసు నూతనం కావాలని ఎన్ని ప్రసంగాల్లో విన్నానో! అదెలా ఉంటుందో ఆ రోజే చూశాను. వణుకుతూనే నిజం చెప్పింది, సోమవారం వణుకుతూనే పనికి వెళ్లింది.

మందులు మధ్యలో మానేసి వచ్చినవాళ్లని ఇప్పుడు నేను తిట్టను. మానేసిన రోజు పక్కన ఎవరెవరున్నారని అడుగుతాను. తెలిసి కూడా నోరు మూసుకున్నవాళ్లు ఒకరైనా ఉంటారు. నా కోపమంతా వాళ్ల మీదే.