“వంట వచ్చునా?” అంటే “మేబీ” అన్నాను

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. అంతటితో ఊరుకుని ఉంటే నా పరువు మా ఊరు పూతలపట్టులోనే భద్రంగా ఉండేది. ఊరుకోలేదు. ఇంగ్లీషు కూడా నేర్చుకుని, బస్సెక్కి చిత్తూరు దాకా వెళ్ళి మరీ ఆ పరువు పోగొట్టుకున్నాను.

చిత్తూరులో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు వంటమనిషి కావాలన్నారు. నడిపేది ఒక తెల్ల దొరసానమ్మ. ఆమె కోసం విదేశాల నుంచి వచ్చేవాళ్ళతో రెండు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడగలిగితే చాలన్నారు. నెల జీతం, రెండు పూటలా భోజనం. ఏడాది పొడుగునా కూలికి సెనక్కాయలు ఒలిచి గోళ్ళు అరగదీసుకున్నదానికి అది ఇంద్రపదవి కాదా, మీరే చెప్పండి!

సాయంత్రం బడిలో నాచేత అఆలు దిద్దించిన సరోజమ్మ టీచరు ముందురోజు నన్ను తయారు చేసింది.

“మునెమ్మక్కా, గట్టిగా తెలిస్తే డెఫినెట్లీ అను. సరిగ్గా తెలీకపోతే మేబీ. పొయ్యి కనపడకపోయినా పొగను చూసి, ఆడ పొయ్యి మండతా ఉండాది అనుకుంటావే, దానికి మస్ట్ బి.”

“ఇంకొకటి చెప్పినావే, ప్రా... ప్రాబ...”

“దాన్ని ఈడే వదిలేసి పో. నీ నోట్లో పడితే దానికి కాళ్ళూ చేతులూ మిగలవు.”

దొరసానమ్మ ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నలన్నీ నాకు అర్థమయ్యాయి. నా జవాబులే ఆమెకు అర్థం కాలేదు.

“నీకు వంట వచ్చునా?”

మన వైపు ఏ ఆడదైనా “ఓ, బ్రహ్మాండంగా వచ్చు” అంటుందా? పెళ్ళిళ్ళకు వండే మనిషి కూడా “ఏదోలే తల్లీ” అనే అంటుంది. ఆ అణకువనంతా ఇంగ్లీషులోకి దించాను.

“మేబీ.”

దొరసానమ్మ కళ్ళజోడు సర్దుకుంది. “సోమవారం నుంచి రాగలవా?”

రాబోయే రోజు సంగతి మనమే తేల్చేస్తే కొండమీది స్వామికి ఇక పనేముంది?

“మేబీ.”

“పిల్లలెంతమంది?”

లెక్క కచ్చితంగా చెబితే దిష్టి తగలదూ?

“మేబీ టూ.”

ఆమె గేటు వైపు చెయ్యి చూపింది. గోడ అవతల బీడీ పొగ గుప్పుగుప్పున లేస్తోంది. “అక్కడున్నది నీ భర్తేనా?”

నాకు తోడొచ్చిన మనిషి కనపడడం లేదు, పొగ కనపడుతోంది. టీచరు చెప్పిన పాఠం అచ్చంగా ఎదురొచ్చి నిలబడింది!

“మస్ట్ బి మై హస్బెండ్” అన్నాను, గర్వంగా.

దొరసానమ్మ ముఖం ఎండబెట్టిన అప్పడంలా బిగుసుకుపోయింది. “నాకు గట్టిగా జవాబు చెప్పే మనిషి కావాలి.”

ఓహో, గట్టిగానా? అయితే కాసుకో అనుకున్నాను.

“తెల్లారకముందే లేస్తావా?”

“డెఫినెట్లీ!”

“సెలవులు ఎక్కువ పెడతావా?”

“డెఫినెట్లీ!”

“గిన్నెలు పగలగొడతావా?”

“డెఫినెట్లీ!”

కొండ దిగుతూ బ్రేకు తెగిన బస్సును ఆపడం ఎవరి తరం? ఆమె పెన్ను మూత పెట్టేసింది. ఉద్యోగం చెయ్యి జారిపోయిందని తెలిసేసరికి నా నోట్లోంచి తెలుగు దానంతటదే బయటికొచ్చింది.

“ఆ సెనక్కాయల కాడికి నన్ను మళ్ళా పంపద్దమ్మా!”

“అయితే తెలుగులోనే చెప్పు మునెమ్మా. వంట వస్తాదా?”

అచ్చమైన చిత్తూరు తెలుగు! దొరసానమ్మ నోట! దేవుడిచ్చిన అవకాశం కదా, సరిగ్గా చెప్పానా? చెప్పలేదు.

“ఏదోలేమ్మా. ఉడకేస్తాను.”

“సోమవారం వస్తావా?”

“సూస్తానమ్మా. స్వామి దయ.”

అప్పుడు నవ్విందండీ ఆమె! కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.

“ఇంగ్లీషులో చెప్పేసరికి నేనే మోసపోయినా. ఈ ఊర్లో శానా ఏళ్ళుగా ఉండాను గదా! తప్పకుండా వస్తానన్న వడ్రంగోడు ఇంకా రాలేదు. సూస్తానన్నోళ్ళే తెల్లారేసరికి గేటు కాడ ఉంటారు. పో, లోపల పొయ్యి ఉండాది. రసం పెట్టు.”

పెట్టాను. తాగింది. గ్లాసు మళ్ళీ ముందుకు చాపింది. రెండో గ్లాసు కూడా ఖాళీ చేసి, “సోమవారం ఆలస్యం చెయ్యద్దు” అంది.

గేటు బయట మా ఇంటాయన ఆత్రంగా ఎదురొచ్చాడు. “ఏమే, ఉద్యోగం వచ్చినట్టేనా?”

“ఏమో, సూడాల” అన్నాను.

ఆ మాట వినడమే ఆలస్యం, బీడీ పారేసి మిఠాయి కొట్టు యాడుండాదో కనుక్కోవడానికి పరిగెత్తాడు.

నేను మాత్రం నడిరోడ్డు మీదే తిరుమల కొండ ఉన్న దిక్కుకు తిరిగి చెంపలు వేసుకుని ఒట్టు పెట్టుకున్నాను: వంట వచ్చునా అని ఇక ఏ భాషలో ఎవరడిగినా నోరు విప్పను. గ్లాసుతో రసం చేతికిస్తాను.