కప్పుల యముడు

చిన్న కుమ్మరుల కప్పులకు విదేశాల్లో కొనేవాళ్లను వెతికిపెట్టే ఆ ఏజెంటును అందరూ చాటుగా కప్పుల యముడంటారు. ఏ బట్టీకెళ్లినా చొక్కా చేతులు మడిచి, నమూనాలను ఒక్కొక్కటే గోడకేసి కొడతాడు. పెంకులు చెంపలు కోసినా కన్నార్పడు. “ఓడలోకి పెట్టెల్ని ఇంతకన్నా ఘోరంగా విసురుతారు. పగిలినవి అందితే కొనేవాడు మళ్లీ నీ పేరెత్తడు,” అంటాడు. ఒక రోజు ఓ బట్టీలో తొమ్మిది కప్పులు వరసగా ముక్కలయ్యేసరికి, వాటిని చేసిన ముసలి కుమ్మరికి ఒళ్లు మండింది. “నెల్లాళ్ల చాకిరీరా అది,” అంటూ, అమ్మకానికి పనికిరాదని తను నీళ్లు తాగడానికి ఉంచుకున్న, బట్టీలో మరీ ఎక్కువ కాలి మాడిన కప్పును అతని మొహాన విసిరాడు. నుదురు చిట్లి నెత్తురు కళ్లలోకి కారుతున్నా, ఏజెంటు వంగి ఆ కప్పు తీశాడు. “తల మెత్తన. దానికి తగిలి పగలకపోవడం లెక్కలోకి రాదు,” అంటూ దాన్ని గోడకేసి కొట్టాడు. కప్పు పిడి కూడా ఊడకుండా దొర్లుకుంటూ వెనక్కొచ్చింది. “ఇలా మాడినవి ఎన్నివ్వగలవు, బాబాయ్?”