చిన్నాయన బ్యాంకాక్ ప్రయాణం

బతికున్న మనుషుల పరువు తీసేవాళ్ళు మా హుస్సేనీ ఆలంలో గల్లీకి పదిమంది దొరుకుతారు. పోయిన మనిషి పరువు తీసిన ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. అదీ దేశం కాని దేశంలో, బ్యాంకు సాక్షిగా. నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. కాకపోతే పక్కన ఎవరైనా ఉన్నప్పుడే చదవండి. మధ్యలో ఒకటి రెండు చోట్ల నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మా చిన్నాయన బాల్‌రాజ్ కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఒక్కసారైనా విమానమెక్కి బ్యాంకాక్ చూడాలని ఆయన కోరిక. దోస్తులతో కలిసి టికెట్లు కొన్నాడు, కార్డు విదేశంలో పనిచేసేలా బ్యాంకులో రాయించుకున్నాడు. ఆ వారమే గుండె ఆగి పోయాడు. ఖాతాలో చిన్నమ్మ పేరు కూడా ఉంది కాబట్టి అది అలాగే నడుస్తోంది. ఆయన ఫోన్‌ని చిన్నమ్మ దండ వేసిన ఫోటో ముందు పెట్టి రోజూ చార్జింగ్ చేస్తుంది. "ఫోన్ బందైతే ఆయన నిజంగ పోయినట్టైతది బిడ్డా" అంటుంది.

ఆమె ఉండేది మా ఇంట్లోనే. ఏటీఎం నుంచి ఆమెకు డబ్బు తెచ్చిచ్చేది నేనే. నా కార్డూ అదే బ్యాంకుది, అదే నీలం రంగు. రెండింటి మీదా పేరు లేదు. మరిచిపోతానేమోనని రెండింటికీ పిన్ను కూడా ఒకటే పెట్టాను. తెలివంటే నాదే మరి!

నాది రంగుల దుకాణం. రంగుల కంపెనీ వాళ్ళు డీలర్లందరినీ బ్యాంకాక్ తీసుకెళ్తామన్నారు. బయల్దేరేముందు చిన్నాయన కార్డును అల్మారాలో పెట్టి, తాళంచెవి మా ఆవిడ సుజాత చేతికిచ్చాను. ఖర్చు దండగని నా ఫోన్‌కి రోమింగ్ వేయించలేదు. వైఫై ఉన్నచోట మాట్లాడితే చాలనుకున్నాను.

దిగగానే ఏటీఎంలో డబ్బు తీసుకుని హోటల్ చేరాను. వైఫై తగలగానే సుజాత ఫోను.

"ఏమయ్యా, చిన్నాయన పైసలు తీసిండు."

"ఏ చిన్నాయన?"

"ఫోటోల ఉన్నాయన! కరెంటు పోయి ఇల్లంత చీకటైంది. గప్పుడే ఆయన ఫోన్ మోగింది. ఫోటో అద్దం గడగడ వణికింది. ఆ ఎలుగుల ఆయన మొఖం నన్నే చూస్తున్నట్టు కొట్టింది. మెసేజ్ చదివితే బ్యాంకాక్‌ల పైసలు తీసినట్టున్నది!"

"అల్మారాల కార్డు చూడు."

తాళం తీసిన చప్పుడు వినిపించింది.

"కార్డు ఈడనే ఉన్నది" అంది గొంతు తగ్గించి.

దొంగల పనై ఉంటుంది, బ్యాంకుకు చెప్పమన్నాను. చిన్నమ్మ ఫోన్ లాక్కుంది. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా. ఆయన పానం బ్యాంకాక్ మీదనే ఉండె. తిరగనియ్యి" అని ఏడ్చింది.

మర్నాడు ఒక మాల్‌లో చొక్కా కొని కార్డు గీకి బయటికొస్తున్నాను. మాల్ వైఫైలో మళ్ళీ ఫోను.

"చిన్నాయన అంగీ కొన్నడు."

"ఏ దుకాణంల?"

సుజాత అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. నా చేతిలోని సంచి మీద అదే పేరు ఉంది. బుర్ర ఉన్నవాడైతే జేబులోని కార్డు తీసి చూసుకునేవాడు. నేను వెనక్కి తిరిగి చూశాను! అద్దాల గోడలో నా భుజం వెనక, ఫోటోలో చిన్నాయన లాగే తెల్ల పొట్టిచేతుల చొక్కాతో ఒక బక్కపలచని ముసలాయన నిలబడి ఉన్నాడు. కళ్ళు నులుముకుని చూస్తే లేడు.

"చిన్నాయన నా ఎనకనే ఉన్నడే" అన్నాను.

చిన్నమ్మ అందుకుంది. "భయపడకు బిడ్డా, నిన్నేమనడు. ఆయనకు చాయ్ అంటే పానం. జర తాపు."

ఆ ఊళ్ళో ఇళ్ళ ముందు, హోటళ్ళ ముందు స్తంభం మీద బొమ్మరిల్లంత గుడి ఉంటుంది. ఆత్మలు అందులో ఉంటాయట. మా హోటల్ ముందూ ఒకటుంది. పక్క చాయ్ కొట్లో కార్డు గీకి చాయ్ కొని, అందులో పెట్టి, "తాగు చిన్నాయనా" అని దండం పెట్టాను. గాలి లేదు. అయినా అగరుబత్తి పొగ నా వైపే తిరిగింది. ఫోన్ మోగింది.

"చిన్నాయన చాయ్ తాగిండు!" అరిచింది సుజాత.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, మా చిన్నాయన దాహం బారెడైంది.

సాయంత్రం యాకుత్‌పురా డీలర్ ఖాసిం భాయ్ నన్ను చూసి కంగారుపడ్డాడు. "అరే మియా, మొఖమేంది గిట్ల పీక్కపోయింది? చలో, పాదాలు ఒత్తించుకుందాం. ఫికరంత పోతది."

సుజాత నన్ను సాగనంపుతూ ఒక్కటే మాట చెప్పింది. "ఏడికన్న పో, మసాజ్‌కు మాత్రం పోకు." పాదాలు మసాజ్ కిందికి రావని నాకు నేనే తీర్పు చెప్పుకుని వెళ్ళాను. మోకాళ్ళ కింద మాత్రమేనని పాఠకులు గమనించ ప్రార్థన.

ఆ తర్వాత ఇంటి నుంచి ఫోన్ రాలేదు. నేనే చేశాను.

"చిన్నమ్మ ఫోటోను గోడదిక్కు తిప్పింది" అంది సుజాత. "మసాజ్ అని మెసేజొచ్చింది."

వెనక నుంచి చిన్నమ్మ గొంతు వినిపించింది. "నలభై ఏండ్లు కాపురం చేసిన. కాళ్ళొత్తుతనంటే వద్దే, నీ చేతులు నొస్తయ్ అనేటోడు. నా చేతులు పనికిరాకనేనా? సంవత్సరీకం లేదు, ఏం లేదు!"

ఆ మాటకు నాకు నిజంగా దుఃఖం వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి దండ లేదు, దీపం లేదు. ఫోన్ ఆపేసి ఉంది. దెయ్యం తిరిగిన ఇంటికన్నా ఆ ఇల్లు ఎక్కువ భయపెట్టింది. చిన్నమ్మ కత్తెర పట్టుకుని కూర్చుంది. "ఆ కార్డు తే, ముక్కలు చేస్త" అంది. సుజాత అల్మారాలోంచి తెచ్చిచ్చింది.

కార్డు మూల మీద పసుపు రంగు మరక. నా దుకాణంలో డబ్బా మూత మీద పడినప్పుడు అంటుకున్న మరక. అది నా కార్డు!

జేబులోది తీసి చూశాను. మరక లేదు. మూడు రోజులుగా నన్ను వెంటాడిన చిన్నాయన నా ప్యాంటు వెనక జేబులో ఉన్నాడు. నేను కూర్చున్నది ఆయన మీదే.

నిజం చెప్పొద్దూ, నోరు మూసుకుందామనే అనుకున్నాను. నెపం ఆయన మీదే ఉంటుంది, ఆయన వచ్చి కాదనడు. నాకు ఇంట్లో అన్నం దొరుకుతుంది. కానీ చిన్నమ్మ తన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూస్తోంది.

"చిన్నమ్మా, కార్డులు తారుమారైనయ్. అంగీ నేను కొన్న. చాయ్ నేనే కొన్న. చిన్నాయన ఏడికీ పోలే."

చిన్నమ్మ కత్తెర కింద పడేసి ఫోటో దగ్గరికి పరుగెత్తింది. ఇటు తిప్పి, కొంగుతో అద్దం తుడిచి, "మాఫ్ చెయ్యయ్యా" అంటూ ఏడుస్తూ నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. నేనూ కళ్ళు తుడుచుకున్నాను.

సుజాత మాత్రం కత్తెర తీసుకుంది.

"మంచిదే. చిన్నాయన ఏడికీ పోలే. మరి మసాజ్‌కు పోయిందెవరు?"

ఆ రాత్రికి నాకు అన్నం లేదన్నది వేరే చెప్పాలా? దీపం వెలిగించి, చిన్నాయన ఫోటో ముందు చెయ్యి చాచి, సుజాత వినేలా ప్రమాణం చేశాను. ప్రాణం ఉన్నంతవరకూ పరాయి దేశంలో కార్డు గీకను గాక గీకను.

అక్కడ ఏం చేసినా నగదుతోనే చేస్తాను.