యాంత్ర పేరున వెలిగిన దీపం

బల్గేరియాలోని గాబ్రోవో ఊళ్ళో నూలు మిల్లులో కంప్యూటర్లు చూసుకునే మనిషి దోన్కా. ఆమెకు ఆ పని నేర్పిందీ, అక్కడి సర్వర్లకు దేశంలోని నదుల పేర్లు పెట్టిందీ రాచో. వసంతంలో రాచో గుండె ఆగి చనిపోయాడు. అప్పటినుంచి సర్వర్ల మంచీ చెడ్డా దోన్కా ఒక్కదాని నెత్తినే పడ్డాయి. ఏది మూలిగినా ఆమె ఫోను మోగేది. వంట చేస్తున్నా మోగేది, చర్చిలో ఉన్నా మోగేది. విసుగెత్తి, ఆ ఫోను నోరు మూయించి, వంటగది గోడకే ఒక దీపాల పలక కట్టుకుంది.

కూరగాయలు తరిగే పాత చెక్కకు వరసగా బెజ్జాలు వేసి ఎల్‌ఈడీలు గుచ్చింది. వెనకాల వైఫై పట్టే చిన్న మైక్రోకంట్రోలర్‌ను సోల్డర్ చేసింది. అది తీగలేవీ లేకుండానే మిల్లుదాకా వెళ్ళి ఒక్కొక్క సర్వర్నీ "ఉన్నావా?" అని అడుగుతుంది. పలికితే పచ్చ, పలక్కపోతే ఎరుపు. మారిత్సా, తుంజా, ఇస్కర్... చివరిది యాంత్ర. అది ముసలి సర్వరు, కిందటేడే ఆపేశారు. దాని చోటికి కొత్తది వస్తుంది కదా అని దానికీ ఒక దీపం పెట్టింది. అందాకా అది ఎర్రగానే ఉండాలి.

ఉండలేదు. ఒకనాటి మధ్యాహ్నం పొయ్యిమీద ఎర్ర మిరపకాయలు కాలుస్తూ తలెత్తి చూస్తే యాంత్ర పచ్చగా వెలుగుతోంది. కాసేపటికి మళ్ళీ ఎర్రబడింది. మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. సోల్డరింగ్ వదులైందేమోనని విప్పి మళ్ళీ వేసింది. ఎల్‌ఈడీ మార్చింది. ప్రోగ్రాం అక్షరం అక్షరం చదువుకుంది. తప్పేమీ కనబడలేదు. మధ్యాహ్నం కాగానే నిద్రలేచినట్టు ఆ పచ్చ కన్ను తెరుచుకునేది.

గాబ్రోవోవాళ్ళ పిసినారితనం మీద దేశమంతా జోకులేస్తుంది. ఆమె భర్త మించో కూడా ఒకటి వేశాడు. "మన ఊరి దయ్యమైతే కరెంటు అంత దండగ చెయ్యదులే."

తేల్చుకుందామని ఒకరోజు ఆ వేళకు దోన్కా మిల్లు నేలమాళిగలోకి దిగింది. యాంత్ర మూలన దుమ్ము కప్పుకొని ఉంది. చెయ్యి వేస్తే రాయిలా చల్లగా తగిలింది. ఊడదీసిన కరెంటు తీగ నేలమీద పడుంది. దాన్ని చేతిలోకి తీసుకుని ఇంటికి ఫోను చేసింది.

"మించో, పలక చూడు. చివరిది ఏ రంగు?"

అవతల చెప్పులు ఈడ్చుకుంటూ వంటగదిలోకి నడిచిన చప్పుడు వినిపించింది.

"పచ్చ," అన్నాడు మించో. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "నువ్వు అక్కణ్ణించి పైకొచ్చెయ్, దోన్కా."

ఆమె రాలేదు. భయం వేయక కాదు. కానీ ఆ పలికేదెవరో తెలియకుండా ఇంటికి పోతే ఇక ఏనాటికీ ఆ గదిలోకి దిగలేననిపించింది. అక్కడే కూర్చుని ల్యాప్‌టాప్‌నుంచి యాంత్రను పిలిచింది. బదులొచ్చింది. తక్కిన సర్వర్లు రెప్పపాటులో పలుకుతున్నాయి. ఇది మాత్రం ఎక్కడో దూరాన ఉన్నట్టు ఆగి ఆగి పలుకుతోంది. ఆ బదులు వచ్చిన దారి పట్టుకుని వెతికింది. అది రాచో ఇంటినుంచి పని చేసుకోవడానికి మిల్లు నెట్‌వర్క్‌లోకి తెరుచుకున్న దారి. చనిపోయినవాడి ఇంట్లోంచి, ఆగిపోయిన సర్వరు పేరుతో ఎవరో పలుకుతున్నారు.

మర్నాడు మధ్యాహ్నం రాచో ఇంటికి వెళ్ళింది. అక్కడి ఆచారం ప్రకారం వీధి తలుపుమీద అంటించిన చావు కబురు కాగితంలోంచి రాచో ఫోటో ఆమెనే చూస్తోంది. అతని భార్య యోవ్కా తలుపు తీసి, ఎదురుచూస్తున్నదానిలా లోపలికి పిలిచింది. బల్లమీద రెండు కప్పుల కాఫీ ఉంది. దోన్కా ఒకటి అందుకోబోయింది.

"అది నీది కాదమ్మాయ్," అంది యోవ్కా. "నీకు వేరే కలుపుతానుండు."

అంతలో పక్క గదిలో టక్కుమని చప్పుడైంది. ఆ వెనకే సన్నగా హోరు మొదలైంది. ఆ గదిలో ఎవరూ లేరు. రాచో కంప్యూటరు దానంతటదే లేచింది. తెర వెలుగు ఖాళీ కుర్చీమీద పడింది.

యోవ్కా ఆ కప్పు తీసుకెళ్ళి కుర్చీ ముందు పెట్టి వచ్చింది. రాచో రోజూ ఇదే వేళకు వస్తాడనీ, కాఫీ చల్లారేదాకా ఉండి వెళ్తాడనీ నింపాదిగా చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వు ఆ విద్య తెలిసినదానివి. నిజం చెప్పు. దాన్ని లేపుతున్నదెవరు?"

దోన్కాకు అప్పటికే అర్థమైంది. షిఫ్టు దిగి ఇంటికొచ్చాక మిల్లు సర్వర్లను ఒకసారి చూసుకోవడం రాచోకు అలవాటు. ఆ వేళకు కంప్యూటరు తనే లేచి, కాసేపటికి తనే పడుకునేలా ఏనాడో ఏర్పాటు చేసుకున్నాడు. యాంత్రను ఆపేశాక ఖాళీ అయిన దాని నెట్‌వర్క్ చిరునామానూ ఈ కంప్యూటరుకే ఇచ్చుకున్నాడు. అందుకే పలక యాంత్రను పిలిస్తే ఇది పలికేది. ఇదంతా విడమరిచి చెబుదామని నోరు తెరిచింది. యోవ్కా ముఖం చూసింది.

"రాచోనే, పిన్నీ," అంది. "రోజూ ఈ వేళకు లేవాలని ఆయనే పెట్టుకున్నాడు."

"నేనూ అదే అనుకున్నా," అంది యోవ్కా.

మిల్లువైపునుంచి ఆ దారిని దోన్కా మూసేసింది. పోయినవాడి పేరుమీద తలుపు తీసి ఉంచకూడదు. యాంత్ర దీపం ఎర్రబడి అలాగే ఉండిపోయింది. రాచో ఇంట్లోని కంప్యూటరును మాత్రం ఆమె ముట్టుకోలేదు. మిల్లు దారి మూసుకుపోయిన సంగతి దానికి పట్టలేదు, రోజూ వేళకు లేస్తూనే ఉంది.

శనివారాలు యోవ్కా ఇంటికి కాఫీకి వెళ్ళడం దోన్కాకు అలవాటైంది. పక్క గదిలో హోరు ఉన్నంతసేపూ ఇద్దరూ గొంతు తగ్గించే మాట్లాడుకునేవారు. అది ఆగాక యోవ్కా లేచి ఆ గదిలోంచి కప్పు తెచ్చేది. అప్పుడు దోన్కా కిటికీవైపు తిరిగి కూర్చునేది. కప్పులో కాఫీ మిగిలిందో లేదో ఆమె ఏనాడూ చూడలేదు.