చంకలో పిల్ల లేకుండా

పెళ్లయిన మొదటి ఏడాది ప్రతి ఆదివారం నేను పక్కింటి పిల్లను చంకనేసుకుని మొగుడితో షికారుకు వెళ్లాను. నవ్వేవాళ్లు నవ్వండి, ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది. అప్పుడు మాత్రం ఒళ్లు మండేది.

మాది కామాటిపురలో ఒక గల్లీ. వరండా వెంట వరసగా గదులుండే పాత చాళీ, రెండో అంతస్తు, మాకు ఒకటే గది. ఆ గదినే అక్కడ ఖోలీ అంటారు. అందులో అత్త, మామ, మేమిద్దరం. నేను పుట్టి పెరిగింది వర్లీ వైపు తెలుగువాళ్ల చాళ్లలో. ఈ సంబంధం కుదిరినప్పుడు మా చుట్టాల్లోనే కొందరు మూతి ముడిచారు, పిల్లనివ్వడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా అని. ఆ మాట అన్నవాళ్ల తాతలు కూడా పాలమూరు నుంచి వచ్చి ముందుగా దిగింది అక్కడే. రాళ్లు మోసి, సున్నం కలిపి ఈ ఊరు కట్టిన కామాటీల పేట కాబట్టి దానికి ఆ పేరు. అంత పెద్ద ఊళ్లో మా పేరు మిగిలిన చోటు అదొక్కటే. దాన్ని నోరు విప్పి చెప్పుకోవడానికి మాకే సిగ్గు.

ఎందుకంటే పక్క గల్లీల్లో ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్ల ఇళ్లుండేవి. పేట పేరు చెబితే జనానికి అవే గుర్తొచ్చేవి. అందుకని మా ఆయన ఆఫీసులో ఎవరడిగినా పక్కనే స్టేషనున్న గ్రాంట్ రోడ్‌లో ఉంటానని చెప్పేవాడు. మామ అలాగే చెప్పేవాడు. చాళీలో అందరూ అలాగే చెప్పేవారు. ఇంతమందిమి ఆ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పడుకుంటున్నామా అని నేను ఎగతాళి చేస్తే మా ఆయన నవ్వేసి, వర్లీ నుంచి వచ్చినదానివి, నీకు తెలియదులే అనేవాడు.

తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి. తాగినవాళ్లు పొరపాటున తలుపు తట్టకుండా ప్రతి తలుపు మీదా ఇది సంసారుల ఇల్లు అని హిందీలో రాయించి పెట్టారు. తలుపు మీద రాయొచ్చు, మనిషి మీద ఎలా రాస్తారు? దానికీ ఒక పద్ధతి ఉంది. మా ఇళ్ల ఆడది గల్లీ దాటితే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. రేషన్ సంచో, పాలగిన్నో, పిండి డబ్బానో. షికారుకైతే చంకలో పిల్ల ఉండాలి. ఒట్టి చేతులతో మొగాడి పక్కన నవ్వుకుంటూ నడిచే పడుచును చూస్తే కొత్తవాళ్లు ఇంకేదో అనుకుంటారట. నాకింకా పిల్లల్లేరు కాబట్టి అత్త పక్కింటివాళ్ల రెండేళ్ల పిల్లను నా కోసం మాట్లాడిపెట్టింది.

మా ఆయన కోటవైపు ఒక ఆఫీసు బిల్డింగులో వైర్‌మన్. శనివారం సగం రోజే పని. మధ్యాహ్నం రెండింటికి వచ్చేవాడు. ఆ సమయానికి అత్త వరండాలో తన తోటివాళ్లతో కూర్చునేది, మామ పనిలో ఉండేవాడు. ఆ రెండు గంటలూ మావే. ఏం చేసేవాళ్లమో అని చాళీలో చాలామంది చాలా ఊహించుకున్నారు. మేం కేకు చేసుకునేవాళ్లం.

మా అమ్మ వాళ్ల చాళీలో ఒక క్రైస్తవుల ఇల్లాలి దగ్గర నేర్చుకున్నాను. పెద్ద అల్యూమినియం గిన్నెలో ఇసుక పోసి కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టాలి. ఇసుక బాగా వేడెక్కాక పిండి గిన్నె అందులో కూర్చోబెట్టి, మూతేసి, మూత మీద రాయి పెట్టాలి. ఇసుకకు తాపీమేస్త్రీ ఇంట్లో కొదవేముంది? మామ తన టిఫిన్ డబ్బాలో తెచ్చిపెట్టాడు. మొదటిసారి తెచ్చింది సముద్రపు పాయలోంచి తీసిన ఇసుక. వేడెక్కేసరికి అందులోని చిన్న చిన్న గవ్వలు పటపటా పేలాయి, గదంతా నీచు వాసన. అత్త లోపలికి తొంగిచూసి, కేకు చేసినవా, ఎండుచేపలు వండినవా అని అడిగింది. మామ తర్వాతి వారం ఏటి ఇసుక జల్లెడ పట్టి మరీ తెచ్చాడు. తాపీ పని చేసే మనిషి కోడలి కేకు కోసం ఇసుక జల్లించడం నేను ఇంకెక్కడా వినలేదు.

శనివారం వెంకన్న వారం. గుడ్డు గడప దాటకూడదు. అందుకని పెరుగూ కాస్త సోడా వేసేదాన్ని. వనస్పతీ చక్కెరా గిలక్కొట్టడం మా ఆయన వంతు. బనియన్‌తో కింద కూర్చుని, గిన్నెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టేవాడు. మగాడు గిన్నె పట్టుకున్నాడని ఎవరైనా చూస్తే నవ్వుతారని తలుపు వేసుకునేవాళ్లం. పగలు తలుపు వేసినందుకు ఇంకోలా నవ్వేవాళ్లు. ఎటూ నవ్వుతారని తేలాక నేను తలుపు బార్లా తీసేశాను. మా ఆయన నాలుగు రోజులు గునిసి, తర్వాత అలవాటు పడ్డాడు.

కేకు మధ్యలో ఎప్పుడూ కాస్త గుంట పడేది, అడుగు మాడేది. అయినా ఆదివారం దాన్ని ముక్కలు కోసి పేపర్లో చుట్టుకుని బయలుదేరేవాళ్లం. ఒక వారం రాణీబాగ్‌లో ఏనుగును చూడటానికి, ఒక వారం సముద్రం ఒడ్డున చౌపాటీకి. ఇంకేం పని లేకపోతే రెండంతస్తుల బస్సెక్కి, పైన ముందు సీట్లో కూర్చుని చివరి స్టాపు దాకా వెళ్లి అదే బస్సులో తిరిగి వచ్చేవాళ్లం. ఊరంతా మా కాళ్ల కింద నుంచి పోతున్నట్టుండేది. అంత బాగుండేది, కానీ మా మధ్య ఎప్పుడూ ఆ పిల్ల. కేకు సగం అదే తినేది. నేనొక మాట మొదలుపెడితే అది ఏడ్చేది. చౌపాటీలో భేల్ అమ్మే అతను పాపది అచ్చం తండ్రి పోలికే అన్నాడు. మా ఆయన మీసం దువ్వుకున్నాడు. నేను ఇంటికొచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు.

పిల్ల మీద నాకేం కోపం లేదు, దాన్ని ఇప్పటికీ తలచుకుంటాను. నాకు కావలసింది ఒక్కటే, ఒక్క ఆదివారం మొగుడి పక్కన పెళ్లాం లాగా నడవడం. నేను ఫలానా అని రుజువు మోసుకుంటూ కాదు.

వానలు వెలిసిన తర్వాత ఒక ఆదివారం ఇక నా వల్ల కాదనిపించింది. ఈ రోజు మేమిద్దరమే వెళతామని అత్తతో చెప్పాను. ఆమె అప్పటికే పిల్లకు గౌను తొడిగి ఎత్తుకుని ఉంది. నన్ను కింద నుంచి పైకి చూసింది.

"పిల్ల వద్దంటె సంచన్న వట్టుకో" అంది.

"సంచిల ఏం దెస్త అత్తా, సముద్రం దెస్తనా?" అన్నాను.

ఆమె ముఖం తిప్పేసుకుంది. మా ఆయన మెట్ల దగ్గర నిలబడి అటూ ఇటూ చూశాడు. నేను దిగి వెళ్లిపోతే వెనకే వచ్చాడు.

ఫోరస్ రోడ్ మలుపు దాకా బాగానే వెళ్లాం. అక్కడ ఒక హవల్దార్ లాఠీ అడ్డంపెట్టి ఆపాడు. నావైపు చూడను కూడా చూడలేదు, దీన్ని ఎక్కడి నుంచి తీసుకుపోతున్నావని మా ఆయన్ని అడిగాడు. నా భార్య అని చెప్పాడు మా ఆయన. ఎక్కడుంటారని అడిగాడు హవల్దార్. చిన్నప్పటి నుంచీ ఆ ప్రశ్నకు ఒకటే జవాబు చెప్పిన నోరు కదా, ఆలోచించకుండా గ్రాంట్ రోడ్ అనేసింది.

గ్రాంట్ రోడ్‌లో కాపురముండేవాడివి ఈ గల్లీలోంచి ఆడదాన్ని వెంటేసుకుని ఎందుకు వస్తున్నావన్నాడు హవల్దార్. అప్పుడు మా ఆయన నాలుక్కరుచుకుని, కాదు, కామాటిపురలోనే ఉంటామన్నాడు. ఇంకేముంది? ఒక నోట రెండు మాటలు వచ్చాయి, ఇక మూడో మాట ఎవరు నమ్ముతారు? పరువు కోసం ఏళ్ల తరబడి ఆడిన అబద్ధం మా పరువు మీదికే వచ్చింది.

నేను మరాఠీలో గల్లీ నంబరు, చాళీ, అంతస్తు అన్నీ చెప్పాను. అందరూ ఇలాగే చెబుతారన్నాడు. మలుపులో టీ బండి దగ్గర ఒకామె గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. పక్క గల్లీ ఇళ్లలో ఉండే ఆమె. ఏడాదిగా ఆమె కనిపిస్తే చాలు నేను పిల్లను ఇటు నుంచి అటు మార్చుకుని ముఖం తిప్పుకుని పోయేదాన్ని. ఆమే కలగజేసుకుని హిందీలో చెప్పింది, ఈ పిల్ల మాలాంటిది కాదు, పై ఇంటి తెలుగువాళ్ల కోడలు, వారం వారం పాపనెత్తుకుని ఇటే పోతుంది, వదిలెయ్యి అని. హవల్దార్ ఆమె వైపు లాఠీ ఊపి నోరు మూసుకోమన్నాడు. నాకు సిగ్గేసింది. నన్ను ఆమెలాంటిదాన్ని అనుకుంటారేమోనని ఏడాది పాటు పిల్లను మోశాను. నేనెవరో ఆమెకు మొదటి నుంచీ తెలుసు. నాకు ఆమె ముఖమైనా సరిగ్గా తెలియదు.

ఇంతలో మా ఆయన చెయ్యి జేబులోకి పోవడం చూశాను. అలా చేతిలో ఏదో పెట్టి తప్పించుకోవడం అందరూ చేసేదే. నేను ఆ మణికట్టు పట్టుకున్నాను.

"చెయ్యి తియ్యి. పైసలిచ్చినవంటె నేను నీ పెండ్లాన్ని కాదని ఒప్పుకున్నట్టే" అన్నాను.

చెయ్యి బయటికి వచ్చింది, ఖాళీగా. మా ఇంటికి వచ్చి అడిగి తెలుసుకోమని హవల్దార్‌తో చెప్పి నేనే ముందు నడిచాను. ఆదివారం సాయంత్రం, ఎవరింట్లోనో టీవీలో సినిమా మొదలయ్యే వేళ. అయినా మేం ముగ్గురం గల్లీలోకి రావడం చూసి వరండాలన్నీ నిండిపోయాయి. ఇంతకంటే మంచి సినిమా వాళ్లకెక్కడ దొరుకుతుంది? నేను తల వంచలేదు.

అత్త ఖోలీ ముందే ఉంది, చంకలో పక్కింటి పిల్లతో. నేను చెప్పలేదా అని అంటుందని సిద్ధపడ్డాను. హవల్దార్ అడిగితే, వచ్చీ రాని మరాఠీలో వీడు నా కొడుకు, ఇది నా కోడలు అని చెప్పింది. అతను తలుపు మీది రాత చదివాడు. గొంతు కాస్త తగ్గించి, పెద్దదానివి, నీకైనా తెలియొద్దా అన్నాడు. కోడలిని బయటికి పంపేటప్పుడు పిల్లనో, సంచినో ఇచ్చి పంపాలి, లేకపోతే ఏ ఇంటిదో మాకెలా తెలుస్తుందన్నాడు.

అది అత్త చెప్పే మాటే, అక్షరం పొల్లుపోలేదు. కానీ ఆ మాట అతని నోట వినేసరికి ఆమె ముఖం మారిపోయింది. పిల్లను కిందికి దింపింది.

"నీకు తెల్వనీకె నా కోడలు గుర్తు మోసుకుంట తిరగాల్నా? గీ మొఖం సూసి యాదుంచుకో. వచ్చే అయితారం గూడ గిట్లనే పోతది" అంది.

అంతా తెలుగులోనే అంది. అతనికి ఒక్క ముక్క అర్థమై ఉండదు, అయినా ఒక అడుగు వెనక్కి వేశాడు. వరండాలోని ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి అత్త వెనక నిలబడ్డారు. అతను లాఠీ చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

లోపలికి రాగానే మా ఆయన ఈ పూటకు షికారు అయిపోయిందనుకుని చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. అత్త గుమ్మంలోంచి కేకేసింది.

"అంగీ ఎందుకు ఇప్పుతున్నవ్? నేను గీ ఖోలీకొచ్చి ముప్పై ఏండ్లాయె. చేతిల ఏదన్న లేకుండ ఒక్కనాడు గల్లీ దాటలె. పోండ్రి."

మళ్లీ దిగాం. మలుపులో టీ బండి దగ్గర ఆమె ఇంకా ఉంది. ఈసారి ఆమె ముఖంలోకి చూసి, పోయి వస్తామని చెప్పాను. చౌపాటీ చేరేసరికి చీకటి పడింది. ఇసుకలో కూర్చున్నాక మా ఆయన, రేపు ఆఫీసులో కామాటిపుర అని చెబుతానన్నాడు. చెప్పాడు కూడా. ఇద్దరు ఆయన డబ్బాలో చెయ్యి పెట్టి తినడం మానేశారు. మానేస్తే మానేశారు, కేకు మాకు మిగిలింది. నేను మాత్రం ఆ రోజు నుంచి ఎవరడిగినా గల్లీ నంబరుతో సహా గట్టిగా చెబుతాను. ముఖం మాడ్చుకునేవాళ్లు మాడ్చుకోవచ్చు.

కొన్నాళ్లకు అత్తనూ మామనూ ఒక ఆదివారం సముద్రం చూసి రమ్మని పోరాను. ఇద్దరూ కలిసి ఒక్కసారైనా వెళ్లలేదట. మామ ఉతికిన ధోవతి కట్టుకుని ముందే దిగి నిలబడ్డాడు. అత్త నా చీరల్లోంచి ఒకటి తీసుకుని కట్టుకుంది, మెట్లు దిగింది, కింద ఆగిపోయింది. రెండు చేతులూ ఒకసారి చూసుకుంది.

"ఒట్టిగ నడుద్దమంటె చేతులు యాడ వెట్టుకోవాల్నో తెలుస్తలేదే బిడ్డా" అంది.

మళ్లీ పైకి వచ్చి, స్టవ్వు పక్కనున్న ఖాళీ కిరసనాయిలు డబ్బా తీసుకుని, దానితో సముద్రం చూడటానికి వెళ్లింది. ఆ డబ్బా మీద వచ్చినంత కోపం నాకు హవల్దార్ మీద కూడా రాలేదు.