పంజాగుట్టలో ముందే పేలిన తోపు

ఇప్పుడు పంజాగుట్ట చౌరస్తాలో పక్క మనిషి అరిచి చెప్పినా వినబడదు గానీ, నేను పనిలో చేరిన ఆ రోజుల్లో అక్కడ ఒక రేకు డబ్బా కింద పడితే అమీర్‌పేటలో ఎవరిదని ఆరా తీసేవాళ్ళు. రోడ్డుకు అటూ ఇటూ బండరాళ్ళు, జొన్నచేలు, దూరదూరంగా ఇళ్ళు. ఈ నిశ్శబ్దం గురించి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన అతి పెద్ద తప్పులో సగం బాధ్యత దానిదే. మిగతా సగం నాది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. నాకు ఇరవై ఏళ్ళు. మాది మగ్గాల ఇల్లు. నేత నాకు అబ్బక, అమీర్‌పేటలో ఒక గది తీసుకుని, పంజాగుట్టలో మోటార్లు బాగుచేసే రేకుల షెడ్డులో ఫిట్టర్ పనికి కుదిరాను. కుదిరానంటే, ఆరు నెలలు చూసి నచ్చితే ఉంచుకుంటామన్నారు. నచ్చడం, నచ్చకపోవడం అంతా మా ఉస్తాద్ చేతిలో ఉండేది. ఇంజను చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పగలిగిన మనిషి. నన్ను పేరుపెట్టి ఒక్కనాడూ పిలవలేదు, 'మగ్గం' అనేవాడు. (నా అసలు పేరు ఆయనకు తెలుసో లేదో ఈనాటికీ నాకు తెలియదు.) మీసాలు రాకముందు నుంచీ రంజాన్‌లో ఒక్క రోజా ఉపవాసం కూడా తప్పలేదని చెప్పుకునేవాడు. ఆయన గర్వంగా చెప్పుకునే మాట అదొక్కటే. సాయంత్రం ఉపవాసం విడవడానికి మాత్రం గడియారాన్ని నమ్మేవాడు కాదు. నగరంలో పేల్చే ఫిరంగి చప్పుడు, జనం తోపు అనేవారు, అది సన్నగా మా దాకా వినిపించాకే ఖర్జూరం నోట్లో పెట్టేవాడు. "గడియారాన్ని ఎవడన్న తిప్పుతడు, తోపును ఎవడు తిప్పుతడు?" అనేవాడు. షెడ్డులో మిగతావాళ్ళూ, బయట టాంగావాళ్ళూ ఆయన్ను చూసి అలాగే చేసేవాళ్ళు.

సరిగ్గా ఆ నెలలోనే పటాలం నుంచి ఒక మీసాల కప్తాను మిషన్‌గన్ను ఒకదాన్ని గోనెపట్టాలో చుట్టుకుని తెచ్చాడు. కొత్త సిపాయిల చేత ఉత్తుత్తి యుద్ధం చేయించి పెద్దవాళ్ళకు చూపించాలట. దానికి మందు మాత్రమే ఉండి గుండు లేని ఉత్త తూటాలు వాడతారు. చిక్కేమిటంటే, అసలు తూటాలు పెడితే దడదడమని కురిపించే ఆ తుపాకీ, ఉత్త తూటా పెడితే ఒక్కసారి ఢామ్మని ఊరుకునేది. మళ్ళీ పేలాలంటే చేత్తో పిడి లాగాలి. ఇది నాకు మగ్గం మీద పుట్టిన బుద్ధితో వెంటనే అర్థమైంది. దారం మోసే నాడెను ఇటు నుంచి విసిరితే అటు పోతుంది, అటు నుంచి తోసేవాళ్ళు లేకపోతే అక్కడే ఉండిపోతుంది. గుండు అడ్డం లేకపోయేసరికి మందు బలమంతా తుపాకీ మూతిలోంచి గాల్లోకి పోతోంది, లోపలి భాగాన్ని వెనక్కి తోయడానికి ఏమీ మిగలడం లేదు. కనక మూతికి సన్న రంధ్రమున్న బిరడా ఒకటి చేసి బిగించాలి. ఇది నేను నోరు జారి అందరి ముందూ అన్నాను. "అయితె నువ్వే చెయ్," అన్నాడు ఉస్తాద్. పది రోజుల్లో ఇస్తామని కప్తానుకు తన మాట ఇచ్చేశాడు.

ఆ తొమ్మిది రోజులు నా తలప్రాణం తోకకు వచ్చింది. రంధ్రం పెద్దదైతే ఢామ్మని ఒక్కటి, అంతే. చిన్నదైతే బిరడానే ఊడి ఎగిరిపోయి చేలో పడేది, దాన్ని వెతకడానికి పూట పట్టేది. దారిన పోయే ప్రతివాడికీ తుపాకుల గురించి తెలుసునని నాకు అప్పుడే తెలిసింది. టాంగావాడు నూనె పొయ్యమన్నాడు. పాలు పోసేవాడు దిష్టి తగిలిందన్నాడు. అందరినీ మించినవాడు మా గుమాస్తా. కోస్తా నుంచి వచ్చిన మనిషి, జేబు గడియారం ఉన్న మనిషి. అరగంటకోసారి బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి, "ఏంటండీ, అయిందా?" అనేవాడు. కాలేదంటే గడియారం చూసి, అందులో నా తప్పు రాసి ఉన్నట్టు తల ఊపి వెళ్ళేవాడు. నాకు తుపాకీ మీద కన్నా ఆ గడియారం మీద ఎక్కువ ఒళ్ళు మండేది.

తొమ్మిదో రోజు సాయంత్రానికి ఏడో బిరడా తయారైంది. మర్నాడు పొద్దున్నే కప్తాను వస్తాడు. ఉస్తాద్ చేతులు కడుక్కుంటూ, "తోపు పేలినంక, జర నోట్ల ఏసుకుని అందరం కలిసి చూద్దాం. అప్పటిదాంక దాన్ని ముట్టకు మగ్గం," అని చెప్పి ముందువైపుకు పోయాడు. అక్కడ చాప పరిచి, ఖర్జూరాలూ జామపళ్ళూ పెట్టుకుని ఏడెనిమిది మంది కూర్చున్నారు. నేను షెడ్డు వెనక రాళ్ళ గుంటలో తుపాకీ ముందు కూర్చున్నాను. ముట్టకూడదనే అనుకున్నాను. అంతలో గుమాస్తా వచ్చి, "ఏంటండీ, ఇదీ పేలదంటారా? రేపు కప్తాను గారికి ఏం చెబుతారు, ఉద్యోగం ఉంటుందా?" అని గడియారం చూస్తూ వెళ్ళిపోయాడు. తొమ్మిది రోజుల చిరాకంతా నా చూపుడు వేలిలోకి వచ్చింది. లాగేశాను.

ఢాం.

ఒక్కటే. మళ్ళీ నిశ్శబ్దం. దాని మొహం మండ, మళ్ళీ ఒక్కటే అని నుదురు కొట్టుకుంటున్నాను. అప్పుడు షెడ్డు ముందువైపు నుంచి తృప్తిగా "బిస్మిల్లా" అని వినబడింది. తర్వాత నీళ్ళు గుటకలు వేస్తున్న చప్పుడు. రోడ్డు అవతల టాంగావాళ్ళ దగ్గర నుంచీ అదే చప్పుడు.

ఆ దరిద్రపు తుపాకీ అనుకున్నట్టు దడదడా పేలి ఉంటే ఎవరూ పొరబడేవారు కాదు. ఒక్కటి పేలి ఆగిపోబట్టే అది అచ్చం తోపు అయింది. నేను పరుగెత్తి వెళ్ళేసరికి ఉస్తాద్ రెండో ఖర్జూరం మీద ఉన్నాడు. మసీదు నుంచి నమాజు పిలుపు, బాంగు, ఇంకా ఎందుకు రాలేదని పక్కవాడు అడుగుతున్నాడు. లోపల్నుంచి గుమాస్తా గడియారం పట్టుకుని వచ్చి, "ఇంకా ఏడు నిముషాలుందండీ, అప్పుడే తినేస్తున్నారేంటి?" అన్నాడు. అందరి నోళ్ళూ ఆగిపోయాయి. ఆ ఏడు నిముషాలూ ఎవరూ నమలలేదు, మింగలేదు. తర్వాత దూరంగా, సన్నగా, అసలు తోపు పేలింది. అందరి తలలూ నావైపు తిరిగాయి.

ఉద్యోగం పోయిందని నాకు అనుమానం లేదు. అసలు బాధ అది కాదు, అన్నేళ్ళ ఆయన గర్వాన్ని నేను ఒక వేలితో పాడుచేశాను. ఉస్తాద్ నోట్లోది తీసి పక్కన పెట్టాడు.

"ఒక్కటే పేలిందా?" అన్నాడు.

"ఒక్కటే ఉస్తాద్."

"రంధ్రం ఇంకా పెద్దగున్నది," అని లేచి, నమాజు చేసుకుని వచ్చి, తనే ఆకురాయి పట్టుకున్నాడు. ఇద్దరం కూర్చుని ఎనిమిదో బిరడా చేశాం. అది బిగించి లాగితే తుపాకీ దడదడదడమని తూటాల పెట్టె ఖాళీ అయ్యేదాకా వాగింది. పొద్దున కప్తాను మీసం మెలేసి తీసుకుపోయాడు. నన్ను పనిలోంచి తీసేయలేదు గానీ, ఆ రంజాన్ అయ్యేదాకా ప్రతి సాయంత్రం తోపు వినగానే పంజాగుట్టలో ఒక్కరూ ఖర్జూరం ముట్టేవాళ్ళు కాదు. "తోపా, మగ్గమా?" అని ఒకరినొకరు అడిగి, గుమాస్తా గడియారం చూసి సరేనన్నాకే తినేవాళ్ళు. గుమాస్తాకు అంత మర్యాద అంతకుముందు ఎప్పుడూ దక్కలేదు. నాకు కలిగిన నష్టాల్లో అదొకటి.

పొరపాటున ముందు విడిచిన రోజాకు బదులు పండుగ అయ్యాక మరొకటి ఉండాలట. ఉస్తాద్ ఉంటున్నాడని తెలిసి, మొహం చెల్లక, నేనూ ఆ రోజు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మధ్యాహ్నానికే కళ్ళు తిరిగాయి. సాయంత్రం చాప మీద ఇద్దరమే కూర్చున్నాం. రంజాన్ కాదు కనక తోపు లేదు. గుమాస్తా సెలవులో ఉన్నాడు. ఉస్తాద్ నవ్వి, "ఇయ్యాల నువ్వే చెప్పాలె మగ్గం, టైమ్ అయిందా లేదా," అన్నాడు.

నేను ఆకాశం చూశాను. ఎర్రగా ఉంది, ఇంకా ఆగమన్నాను. మసీదు నుంచి బాంగు వచ్చినా, అది నిజం బాంగేనా అని చెవి పెట్టి విన్నాను. నల్లబడింది, ఎందుకైనా మంచిదని ఇంకా ఆగమన్నాను. చుక్కలు కనబడ్డాక ధైర్యం చేసి అయిందన్నాను.

"అప్పుడు ఏడు నిముషాలు ముందల, ఇప్పుడు అరగంట ఎనక," అన్నాడు ఉస్తాద్ నీరసంగా. "నీకు మోటార్లే మంచిగుంటయ్ బేటా." మొదటి ఖర్జూరం నా చేతిలోనే పెట్టాడు.

ఆ షెడ్డు లేదు, ఆ ఉస్తాదూ లేడు. ఆయన లేని లోటు నాకు ఎక్కువగా రంజాన్ నెలలోనే తెలుస్తుంది. ఇప్పుడు తోపు కూడా లేదు, సైరన్ కూస్తుంది. అది వినగానే, ఇంత వయసొచ్చినా, నేను కాదు కదా అని ఒకసారి నా చేతులు చూసుకుంటాను.